పరమాణువునే మోయాలా, స్థితిని పంపాలా: ఏది మేలు?

అమరావతి క్వాంటం వ్యాలీ కబుర్లు మొదలైన దగ్గర్నుంచీ ఇంజినీరింగ్ పిల్లలు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది: తటస్థ పరమాణువుల యంత్రంలో (ఆవేశం లేని పరమాణువులనే క్యూబిట్లుగా, అంటే క్వాంటం సమాచారపు బిట్లుగా వాడే కంప్యూటర్‌లో) ఒక పరమాణువు మోస్తున్న క్వాంటం స్థితిని ఇంకోచోటికి చేర్చడానికి ఏ దారి మంచిది?

అందరూ ముందు వేగం గురించే అడుగుతారు. నేను చూసేది మాత్రం పని చెడితే ఏం పోతుందని. క్వాంటం స్థితికి జిరాక్స్ తీయలేం కదా, దారిలో పోయిందంటే ఇక అంతే.

పక్కపక్క పరమాణువులైతే స్వాప్ చేయొచ్చు, అంటే రెంటి స్థితుల్నీ ఒకదానికొకటి మార్చేయొచ్చు. లేజర్‌తో రిడ్బర్గ్ స్థితికి (ఎలక్ట్రాన్ కేంద్రకానికి బాగా దూరంగా ఉండే ఉత్తేజిత స్థితికి) లేపితే గేటు, అంటే రెండు క్యూబిట్ల మీద చేసే ఒక్క లెక్క అడుగు, మైక్రోసెకను లోపే అయిపోతుంది, పైగా 2023లో హార్వర్డ్ బృందం దాని కచ్చితత్వాన్ని 99.5 శాతానికి తెచ్చింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఒక్క స్వాప్‌కి మూడు గేట్లు పడతాయి, పది గెంతులంటే ముప్పై, అన్నీ గుణించుకుంటూ పోతే చివరికి మిగిలేది 86 శాతం. అమరావతికి తెస్తామన్న ఐబీఎం యంత్రంలాంటి వాటిలో క్యూబిట్లు చిప్పుకే అతుక్కుని ఉంటాయి కాబట్టి ఈ తిప్పలు తప్పవు, ఇక్కడ మనకేం ఖర్మ?

పరమాణువునే ఎత్తి పట్టుకెళ్తే పోలా! లేజర్ పట్టకారులో రుబీడియం పరమాణువు ఉంటుంది, స్ఫటికంలో నడిచే ధ్వని తరంగం ఫ్రీక్వెన్సీ మారిస్తే లేజర్ పుంజం వంగే కోణం మారుతుంది, దాంతోపాటే పరమాణువూ జరుగుతుంది. నిండు బిందె మోసినట్టే, బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడూ కుదుపు లేకపోతే చాలు, లేదంటే పరమాణువు వేడెక్కుతుంది. 2022లో హార్వర్డ్ వాళ్లే ఎంటాంగిల్ అయిన (ఒకదాని స్థితి ఇంకోదానితో ముడిపడ్డ) జంటను సుమారు 300 మైక్రోసెకన్లలో 110 మైక్రోమీటర్ల ఎడానికి జరిపారు, బంధం తెగలేదు. గేటుతో పోలిస్తే నత్తనడకే, అయితే ఆ క్యూబిట్ జ్ఞాపకం సెకను పైనే నిలుస్తుంది కాబట్టి తొందరేమీ లేదు. ఒకే చాంబర్లో అయితే నా ఓటు దీనికే. ఒక్క చికాకు, కదిలే అడ్డ వరుసలు ఒకదాన్నొకటి దాటలేవు, నిలువు వరుసలూ అంతే, అందుకని ఏది ముందు ఏది వెనక అని ప్లాన్ గీసుకోవడానికే బోలెడు టైమ్ పడుతుంది.

రిడ్బర్గ్ పరమాణువుల మధ్య నేరుగా డైపోల్ మార్పిడి (విద్యుత్ ప్రభావంతోనే స్థితి ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటడం) కూడా ఉంది, ఆ స్థితులకు ఆయుష్షు తక్కువ కాబట్టి దీన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రెండు ల్యాబుల మధ్యైతే మోయలేం, ఫోటానే (కాంతి కణమే) దిక్కు. 2012లో జర్మనీలోని గార్షింగ్‌లో మాక్స్ ప్లాంక్ వాళ్లు 21 మీటర్ల దూరంలో ఉన్న రెండు పరమాణువుల మధ్య, 60 మీటర్ల ఫైబర్ గుండా స్థితిని పంపారు. చేరినప్పుడు కచ్చితత్వం 84 శాతం, కానీ చేరేది 0.2 శాతమే, అంటే ఐదొందల సార్లలో ఒక్కసారి! మిగతా 499 సార్లు ఫోటాన్‌తోపాటు స్థితీ గాల్లో కలిసింది. ప్రయోగంగా గొప్పదే, నా లెక్కలు మాత్రం దాని మీద పెట్టను. దానికన్నా ముందు రెండు ఖాళీ పరమాణువుల్ని ఎంటాంగిల్ చేయడం నయం, 2022లో మ్యూనిక్‌లో 33 కిలోమీటర్ల ఫైబర్ మీద ఆ పని చేసి చూపించారు. ఎన్నిసార్లు తప్పినా పోయేది సమయమే. డిటెక్టర్లు టిక్కుమని జత కుదిరిందని చెప్పాకే అసలు స్థితిని బయటికి తీసి టెలిపోర్ట్ చేయాలి (ఆ జత బంధాన్ని వాడి అవతలి పరమాణువుకు చేర్చాలి), అప్పటిదాకా అది భద్రంగా దాని పరమాణువులోనే ఉంటుంది.