తడి రాళ్ల తీరంలో నడకకు ఏ బూట్లు, ఎలాంటి బస

సముద్రతీర సెలవులకు సంచి సర్దేటప్పుడు చాలామంది ముందుగా పడేసేది హవాయి చెప్పులే. ఇసుక ఉన్నంతమేర వాటికి తిరుగులేదు. రాళ్లు మొదలయ్యాక మాత్రం మడమను పట్టి ఉంచే పట్టీ ఏదీ లేక తడిసిన పాదం చెప్పు మీదే జారుతుంది. రాయి మీద చెప్పు నిలిచినా చెప్పు మీద కాలు నిలవదు. వేళ్లు మూసి మడమ తెరిచి ఉండే రబ్బరు క్లాగ్‌లదీ దాదాపు ఇదే కథ. అడుగున గీతలు అరిగిపోయిన పాత జతైతే ఇంకా ప్రమాదం.

కాబట్టి ముందు చూడాల్సింది అంగడిలోని బూటును కాదు, మీరు తొక్కబోయే రాయిని. గరుకైన ఇసుకరాయి తడిసినా కొంత పట్టు ఇస్తుంది. అలలు ఏళ్ల తరబడి నున్నగా అరగదీసిన రాయి ఇవ్వదు. లావా తీరాల్లో, సున్నపురాయి తీరాల్లో జారుడు కన్నా పదునుతోనే చిక్కు. పల్చటి సోల్ ఉన్న వాటర్ షూలో ప్రతి మొన అరికాలికి తెలుస్తుంది, అరగంటకే నడక భారమవుతుంది. గుండ్రటి గులకరాళ్ల తీరంలో రాయే కాలి కింద దొర్లుతుంది కాబట్టి, మెలికపడని గట్టి సోల్, మడమ చుట్టూ బిగుతు కావాలి. ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే వంటిచోట ఇలాంటి తేడాలు ఒకే నడకలో ఎదురవుతాయి. అక్కడ లావా చల్లారి ఏర్పడిన దాదాపు 40,000 బసాల్ట్ రాతి స్తంభాల తలలు మెట్లలా కనిపిస్తాయి. ఎండినచోట నడక హాయిగా ఉంటుంది. అలలు తడిపే అంచుకు చేరేసరికి అదే రాయి జారుడుబల్ల.

తీరంలో రంగులు చదవడం వస్తే సగం పని అయినట్టే. పోటు నీరు చేరే గీతకు కాస్త పైన నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. చూడటానికి రాయి రంగే అనిపిస్తుంది గానీ, నిజానికి అది రాతిని అంటుకుని పెరిగే సూక్ష్మజీవుల, లైకెన్‌ల (బూజు, నాచు కలిసి బతికే జీవుల) పొర. ఎండితే ఫరవాలేదు, తడిస్తే నూనె పూసినట్టే. దాని కింద పచ్చగా, మెత్తగా కనిపించే పాకుడు అన్నిటికన్నా ప్రమాదకరం. గోధుమరంగు సముద్రపు నాచు రాళ్ల మధ్య సందులను కప్పేస్తుంది, అడుగు ఎంత లోతుకు దిగుతుందో తెలియదు. తెల్లగా, గరుకుగా బార్నకిల్స్ (రాయికి అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు) పట్టిన రాయి మీద పట్టు బాగా దొరుకుతుంది. పడితే చెయ్యి కోసేదీ అదే. ఎక్కడ వీలైతే అక్కడ వాటిని తొక్కకుండా ఉత్త రాయి మీద అడుగేయడం మర్యాద, అవి ప్రాణులు.

ఇక సోల్. బూటు అడుగున పళ్లు ఎంత లోతుగా ఉంటే అంత పట్టు అనుకోవడం బురద దారులకే చెల్లుతుంది. తడి రాయి మీద పనిచేసేది రబ్బరు మెత్తదనం, రాయిని తాకే వైశాల్యం. పొడవాటి గట్టి పళ్లున్న బూటు రాయిని ఆ మొనలతోనే తాకుతుంది, అందుకే జారుతుంది. 3, 4 మిల్లీమీటర్ల పళ్లు, వాటి మీద సన్నటి చీలికలు, గోటితో నొక్కితే కాస్త లొంగే రబ్బరు ఉన్నది చూడండి. మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, దాన్ని రోజూ తారురోడ్డు మీద తొడగకండి. ఎంత మంచి రబ్బరైనా పచ్చటి పాకుడు మీద నిలవదు, ఈ విషయంలో ప్రకటనలను నమ్మొద్దు. దాన్ని కొంతవరకు ఓడించేది బొచ్చు లాంటి ఫెల్ట్ సోల్. రాళ్ల మీద నిలబడి గేలం వేసేవాళ్లు వాడతారు. గడ్డి వాలు మీద, బురదలో అదే జారుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. పైగా తడిలో దాగిన జీవులను ఒక నీటి నుంచి మరో నీటికి మోస్తుందని న్యూజిలాండ్ 2008లో మంచినీటి చేపలవేటలో ఫెల్ట్ సోల్‌ను నిషేధించింది. లోహపు మేకుల సోల్ పాకుడును గుచ్చి పట్టుకుంటుంది, గట్టి నున్నటి రాయి మీద గీసుకుంటూ పోతుంది. సెలవుల నడకకు రెండూ అనవసరం.

మామూలు యాత్రికులకు సరిపోయేది, మెష్ (వలలాంటి గుడ్డ) పైభాగం, మెత్తటి రబ్బరు అడుగు ఉన్న తేలికపాటి ట్రెయిల్ రన్నింగ్ షూ. వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నది మాత్రం ఇక్కడ వద్దు. చీలమండ దాటి అల వచ్చిందంటే నీరు పైనుంచి లోపలికి దిగుతుంది, తర్వాత ఆ పొరే నీటిని బయటికి పోనివ్వదు. మెష్ బూటైతే పది అడుగుల్లో నీటిని చిమ్మేస్తుంది. మొన మూసిన శాండల్స్ వేడి ప్రాంతాల్లో బాగుంటాయి గానీ గులకరాళ్లు లోపల చేరి ఆగి దులుపుకునే పని పెడతాయి. చలి నీటి తీరాలకు 2, 3 మిల్లీమీటర్ల నియోప్రిన్ (నురుగు రబ్బరు) మేజోళ్లు మంచివి. వాటిని తొడుక్కున్నాకే బూటు కొలత చూడాలి, లేకపోతే అర సైజు చిన్నదవుతుంది.

కొలత సాయంత్రం చూడటం మేలు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, నడిచినప్పుడు మడమ లేవకూడదు. తడిసిన బూటులో కాలు ముందుకు జరుగుతుంది, దిగుడులో గోళ్లు దెబ్బతినేది అందుకే. లేసు చివరి రంధ్రం దాకా బిగిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అటక మీద ఏళ్లుగా పడున్న ట్రెకింగ్ బూట్లు పట్టుకెళ్లేవారికి ఒక హెచ్చరిక. సోల్‌లోని పాలీయురెథేన్ (నురుగు లాంటి ప్లాస్టిక్) మధ్యపొర వాడకపోయినా గాలిలోని తేమకు కుళ్లి పొడి అవుతుంది. పైకి బాగానే కనిపించే బూటు నడక మధ్యలో సోల్ ఊడి చేతికొస్తుంది. బయల్దేరే ముందు వంచి చూడండి, మధ్యపొరను బొటనవేలితో నొక్కండి. పగుళ్లు, పొడి కనిపిస్తే ఆ జత ప్రయాణానికి పనికిరాదు.

బస ఎంచుకునేటప్పుడు గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని అడిగేవారే ఎక్కువ. బూట్లు ఆరబెట్టే చోటుందా అని అడగడం అంతకన్నా ముఖ్యం. బయట కుళాయి, నీడపట్టున గాలి తగిలే వరండా ఉన్న చిన్న వసతి, కార్పెట్ పరిచిన పై అంతస్తు గది కన్నా నడిచేవారికి నయం. నడిచేవారి కోసమే నడిపే కొన్ని వసతి గృహాల్లో ఆరబెట్టే గది విడిగా ఉంటుంది. ఏ బసలోనైనా పద్ధతి ఒకటే. మంచినీటితో ఉప్పు పూర్తిగా కడగండి, ఇన్‌సోల్ (లోపలి అట్ట) బయటికి తీయండి, లోపల పాత కాగితాలు కుక్కి గంటకోసారి మార్చండి. హీటర్ మీద, ఎండలో నిలిపిన కారులో పెట్టొద్దు, జిగురు ఊడుతుంది. ఉప్పు కడగకపోతే లేసు దూర్చే లోహపు రంధ్రాలు తుప్పుపడతాయి, గుడ్డ గరుకెక్కి బొబ్బలు లేపుతుంది. రాత్రికి ఆరని బూటు ఉంటుంది కాబట్టి రెండో జత తప్పదు.

అద్దెకు బూట్లిచ్చే చోట సోల్ తిప్పి చూడండి. మడమ అంచు నున్నగా అరిగి ఉంటే వేరేది అడగండి. గైడ్‌తో వెళ్లే నడకలైతే బూట్లు వాళ్లిస్తారా, మీరే తెచ్చుకోవాలా, మీ కొలతలు దొరుకుతాయా అని బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. మిగతావన్నీ ఇచ్చి బూట్లు మాత్రం యాత్రికులే తెచ్చుకోవాలనే నిర్వాహకులూ ఉంటారు.

బూటు ఎంత మంచిదైనా సమయం తప్పితే లాభం లేదు. చాలా తీరాల్లో ఒక పోటు నుంచి మరో పోటుకు దాదాపు 12 గంటల 25 నిమిషాలు. నీరు తగ్గుతున్నప్పుడు, ఆటు పూర్తవడానికి రెండు గంటల ముందు బయల్దేరి ఆ వేళ దాటగానే వెనుదిరగండి. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకట్రెండు రోజులు నీరు బాగా వెనక్కి వెళ్తుంది, పైకీ అంతే వస్తుంది. మామూలుగా నీళ్లలో మునిగి ఉండే పాకుడు రాళ్లు అప్పుడే బయటపడతాయి. చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనేలా, చేతులు ఖాళీగా.

తిరుగు ప్రయాణానికి ముందు సోల్ సందుల్లో మట్టి, నాచు పాత బ్రష్‌తో తీసేయండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో అడుగుపెట్టేవారు వాడిన నడక బూట్లను తనిఖీ కోసం ముందే ప్రకటించాలి, కాబట్టి అక్కడికి వెళ్తుంటే శుభ్రం చేసి పూర్తిగా ఆరబెట్టిన జతనే సంచిలో పైన పెట్టుకోండి.