బ్లూ పిల్‌తో విసిగిపోయి న్యూక్లియో ఎఫ్401ఆర్ఈ కొన్నాక

ముందు నా దగ్గర ఉండేది బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. రేటు తక్కువ, బ్రెడ్‌బోర్డు మీద చక్కగా కూర్చుంటుంది, అంతా బానే ఉంది కానీ నాకొచ్చిన పీస్ మీద ఎస్‌టీఎం32ఎఫ్103 అని ప్రింటుంది గానీ లోపలున్నది క్లోన్ చిప్. ఎలా తెలిసిందంటే చిప్‌ని డీబగ్ చేసే ఓపెన్‌ఓసీడీ సాఫ్ట్‌వేర్ కనెక్టే అవ్వలేదు, 1తో మొదలవ్వాల్సిన ఐడీ కోడ్ 2తో మొదలవుతోందని ఎర్రర్. కాన్ఫిగ్‌లో నంబర్ మారిస్తే పనిచేసింది, కానీ ఆ తర్వాత ఏ బగ్ వచ్చినా తప్పు నా కోడ్‌దా చిప్‌దా అన్న అనుమానమే. టెస్టింగ్ కోసం కొన్న బోర్డునే ముందు టెస్ట్ చేసుకోవాల్సి రావడం, అదీ నా ఖర్మ.

సరే అని ఎస్‌టీఎం32 చిప్‌లు చేసే ఎస్‌టీ కంపెనీ సొంత బోర్డు న్యూక్లియో తీసుకున్నా. 84 మెగాహెర్ట్జ్, 512 కేబీ ఫ్లాష్, 96 కేబీ ర్యామ్, నా పనికి ఇవి చాలా ఎక్కువ. నేను డబ్బులు పెట్టింది మాత్రం బోర్డు పైభాగంలో ఉన్న ఎస్‌టీ-లింక్ డీబగ్గర్ కోసం. ఒక్క కేబుల్ గుచ్చితే పవర్, ఫ్లాషింగ్ (చిప్‌లోకి కోడ్ ఎక్కించడం), బ్రేక్‌పాయింట్లు (కోడ్‌ని మధ్యలో ఆపి చూడటం), సీరియల్ పోర్టు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. రెండు జంపర్లు పీకేస్తే అదే ఎస్‌టీ-లింక్‌తో వేరే బోర్డుని కూడా డీబగ్ చేసుకోవచ్చు, నా పాత బ్లూ పిల్ ఇప్పుడు అలాగే బతుకుతోంది.

నేను లాజిక్ అంతా ల్యాప్‌టాప్‌లోనే యూనిటీ అనే సీ టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్‌తో టెస్ట్ చేస్తా. ఒకసారి టెస్టులన్నీ పాస్, బోర్డులో వేస్తే మాత్రం ప్రింటవ్వాల్సిన టెంపరేచర్ దగ్గర ఖాళీ! లెక్క తప్పేమో అని గంటసేపు జుట్టు పీక్కున్నా, బ్రేక్‌పాయింట్ పెట్టి చూస్తే వేరియబుల్‌లో వాల్యూ నిక్షేపంగా ఉంది. చివరికి తేలిందేంటంటే న్యూలిబ్-నానో అనే చిన్న సీ లైబ్రరీలో ఫ్లోట్ (దశాంశ సంఖ్యల) ప్రింటింగ్ డీఫాల్ట్‌గా ఆఫ్, లింకర్‌కి విడిగా చెప్పాలి. అప్పట్నుంచి అవే టెస్టుల్ని బోర్డు మీద కూడా ఓసారి నడిపిస్తున్నా.

దీంతో పాటు 8 ఛానెళ్ల 24 మెగాహెర్ట్జ్ లాజిక్ అనలైజర్ (వైర్ల మీద వెళ్ళే సిగ్నళ్ళని చూపించేది) ఒకటి, చవకదే, తప్పకుండా కొనుక్కోండి. ఒకసారి నా బీఎంఈ280 టెంపరేచర్ సెన్సర్ అస్సలు పలకలేదు. వైర్లు మార్చా, పుల్-అప్ రెసిస్టర్లు మార్చా. నేనేమో హెక్స్‌లో 76 అడ్రస్‌కి పంపుతున్నా అనుకుంటున్నా, అనలైజర్ సాఫ్ట్‌వేర్ పల్స్‌వ్యూలో చూస్తే లైన్ మీద వెళ్తున్నది 3బీ. ఎస్‌టీ వాళ్ళ హాల్ లైబ్రరీకి అడ్రస్‌ని ఒక బిట్ ఎడమకి జరిపి ఇవ్వాలట, డాక్యుమెంటేషన్‌లో ఉంది, మనం చదివితేగా! డీబగ్గర్‌తో ఎంత గింజుకున్నా ఇది దొరికేది కాదు.

బడ్జెట్ తక్కువైతే రెండు రాస్‌బెర్రీ పై పికో బోర్డులు కొని ఒకదాంట్లో డీబగ్‌ప్రోబ్ ఫర్మ్‌వేర్ వేసుకోండి, రెండోదాన్ని హాయిగా డీబగ్ చేసుకోవచ్చు. నేర్చుకోడానికి అది చాలు. ఆఫీసులో ఎస్‌టీఎం32 మీద పని చేసేవాళ్ళైతే మాత్రం న్యూక్లియోకే వెళ్ళండి.

న్యూక్లియోతో చిరాకులూ ఉన్నాయి. యూజర్ ఎల్‌ఈడీ, ఎస్‌పీఐ (సెన్సర్ల లాంటివాటితో మాట్లాడే బస్) క్లాక్ రెండూ ఒకే పిన్ మీద. డీ0, డీ1 పిన్నులకి సీరియల్ వైర్లు పెట్టి ఏమీ రావట్లేదని కంగారు పడకండి, ఆ సీరియల్ పోర్టుని (యూఆర్ట్) ఎస్‌టీ-లింక్ వైపు కలిపేశారు, అవి కావాలంటే సోల్డర్ బ్రిడ్జ్‌లు మార్చాలి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి, దీనికి ఇంకా పాత మినీ యూఎస్‌బీ. కోఠి గుజరాతీ గల్లీలో ఆ కేబుల్ అడిగితే షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "కెమెరాకా సార్?" అన్నాడు.