కణజాలాల స్లైడ్ల పెట్టె: కాండం, వేరు బాగున్నాయి, పత్రాలు కావు

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం వృక్షశాస్త్ర ప్రయోగాల కోసం అమలాపురం దగ్గరి మా కళాశాలకు తెప్పించిన 25 శాశ్వత స్లైడ్ల పెట్టెను ఒక విద్యా సంవత్సరమంతా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పుష్పించే మొక్కల వేరు, కాండం, పత్రాల అడ్డుకోతలతో పాటు విడి కణజాలాల స్లైడ్లు కూడా ఇందులో ఉన్నాయి. కాండం, వేరు స్లైడ్లను విడిగా అమ్మితే అవి మాత్రమే కొనమని నా సలహా.

పొద్దుతిరుగుడు కాండం స్లైడు వీటన్నిటిలో మేలైనది. కోత అంతటా ఒకే మందంలో ఉన్నందువల్ల, శాఫ్రనిన్ అనే రంగు పట్టిన దారునాళాలూ (నీటిని మోసే గొట్టాలు), నాళికాపుంజం (నీటినీ ఆహారాన్నీ మోసే నాళాల కట్ట) వెలుపలి వైపున్న దృఢ కణజాలమూ ఎర్రగా, ఫాస్ట్ గ్రీన్ అనే రంగు పట్టిన సెల్యులోజ్ గోడలు ఆకుపచ్చగా స్పష్టంగా విడిపడి కనిపిస్తాయి. బాహ్యచర్మం కింద మూలలు మందమైన స్థూలకోణ కణజాలం, వలయంగా అమరిన పుంజాలు, ఒక్కో పుంజంలో దారువుకూ పోషక కణజాలానికీ నడుమనుండి కొత్త కణాలనిచ్చే సన్నని కేంబియం పట్టీ, ఇవన్నీ సాధారణ కళాశాల సూక్ష్మదర్శినిలోనే తెలుస్తాయి.

మొక్కజొన్న కాండంలో కేంబియం ఉండదు. పుంజాలు చెల్లాచెదురుగా, అంచు దగ్గర చిన్నవిగా, దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పెద్దవిగా, దూరదూరంగా ఉంటాయి. ఈ స్లైడు చూపించాక కొబ్బరి సంగతి చెప్పడం తేలిక. అదీ ఏకదళబీజ మొక్కే కనుక దాని మానులోనూ పుంజాలు అంచువైపే దట్టంగా ఉంటాయి. అందుకే కొబ్బరి దూలానికి వెలుపలి కలప పనికివస్తుంది గాని నడిమి మెత్తని భాగం పనికిరాదు. కొబ్బరి దూలాల కింద పెరిగిన కోనసీమ పిల్లలకు విషయం తెలిసినదే, కారణం మాత్రం కొత్తది. పెట్టెలో కొబ్బరి స్లైడు ఒక్కటైనా లేదు. దృఢ కణజాలపు నారలకని ప్రత్యేకంగా ఒక స్లైడు ఇచ్చారు గాని, అంబాజీపేట వైపు కొబ్బరి పీచు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, అదీ నారలే.

వేరు స్లైడ్లు కూడా తృప్తికరంగా ఉన్నాయి. ఏకదళబీజ వేరులో అంతశ్చర్మ (నాళాల భాగాన్ని చుట్టిన పొర) కణాల గోడలు మందమవడం, ప్రథమదారువుకు (మొదట ఏర్పడిన దారువుకు) ఎదురుగా మాత్రం పలుచని గోడలతో మార్గ కణాలు మిగలడం చక్కగా కనిపిస్తుంది.

పత్రాల దగ్గర మాత్రం నిరాశే మిగిలింది. ద్విదళబీజ పత్రమని చీటీ అతికించిన స్లైడులో నిలువుగా బారులు తీరిన స్తంభ మృదుకణజాలం లేకపోగా, పై బాహ్యచర్మంలో బుల్లిఫార్మ్ కణాలు (ఆకు ముడుచుకోవడానికి తోడ్పడే పెద్ద కణాలు) ఉన్నాయి; అంటే అది గడ్డిజాతి ఆకు. ఏకదళబీజ పత్రం స్లైడూ అలాంటిదే కావడంతో పెట్టెలో అసలు ద్విదళబీజ పత్రమే లేకుండా పోయింది. అమ్మినవారికి రాశాము, మారుస్తామన్నారు, ఇంకా పంపలేదు. గుమ్మడి కాండం నిలువుకోత మరీ మందంగా ఉంది. ఆహారాన్ని మోసే చాలనీ నాళాలు పెద్దవిగా ఉంటాయనే కదా గుమ్మడిని ఎంచుకునేది. ఆ నాళాల్లో జల్లెడలాంటి చాలనీ ఫలకాలూ, పక్కనుండే సహకణాలూ కనిపించనప్పుడు ఆ స్లైడు వల్ల ప్రయోజనం లేదు.

డెల్టా కళాశాలకు తప్పనిసరైన వాయుగత కణజాలం (గాలి గదులుండే కణజాలం) కూడా ఈ పెట్టెలో లేదు. నీరు నిలిచిన మడిలో వరి వేళ్లకు గాలి చేరేది దాని ద్వారానే. కలువ కాడను కొత్త బ్లేడుతో పలుచగా కోసి నీటిబొట్టులో పెట్టి ఆ లోటు తీర్చుకున్నాము. ఆ గాలి గదులు రంగు వేయకుండానే కనిపిస్తాయి.

చీటీలు మామూలు కాగితంవి. వానాకాలపు చెమ్మకు వాటిపై బూజు పట్టి అక్షరాలు చెరిగిపోతున్నాయి కనుక, పెట్టె తెరిచిన రోజే ప్రతి స్లైడు గాజుపైనా వజ్రపు కలంతో సంఖ్య గీయించి, పేర్ల జాబితాను వేరుగా రాసి ఉంచుకోవాలి.