లా రోషెల్ డాక్యుమెంటరీ సంత: దారి, బస, భోజనం

విజ్ఞాన, చరిత్ర కార్యక్రమాలు తీసే టెలివిజన్ నిర్మాతలు కలుసుకునే అంతర్జాతీయ వేదికలు కొన్నే ఉన్నాయి. వాటిలో సైన్స్ అండ్ ఫ్యాక్చువల్ ప్రొడ్యూసర్ల వరల్డ్ కాంగ్రెస్ ఊరు మారుస్తూ వచ్చింది. 2018లో బ్రిస్బేన్‌లో, 2019లో టోక్యోలో జరిగింది. సన్నీ సైడ్ ఆఫ్ ది డాక్ అనే డాక్యుమెంటరీల సంత మాత్రం మార్సెయ్‌లో మొదలై, 2006లో ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరంలోని లా రోషెల్‌కు చేరి, జూన్ మాసపు సంతగా అక్కడే నిలదొక్కుకుంది. హైదరాబాద్ నుంచి సొంత డబ్బుతో బయలుదేరే చిన్న నిర్మాతకు నేను మొదట సూచించేది దీన్నే.

అందుకు కారణం ఊరు చిన్నది కావడం. సంత జరిగే ఎస్పాస్ ఎన్‌కాన్ ఒకప్పుడు చేపల వేలంశాల. రైలు స్టేషను, పాత రేవు, హోటళ్లు అన్నీ అక్కడికి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంటాయి. వేదిక మీద ప్రాజెక్టు వివరించడానికి దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి, ఛానెళ్ల తరఫున కార్యక్రమాలు కొనేవారితో అసలు మాటలు బయటే సాగుతాయి. పెద్ద నగరంలో సాయంత్రమయ్యేసరికి తలో దిక్కుకు పోయే మనుషులు ఇక్కడ మాత్రం సెయింట్ నికొలస్ బురుజు ఎదుట రేవు గట్టు మీద మళ్లీ మళ్లీ ఎదురవుతారు. జూన్‌లో రాత్రి పది దాటే దాకా వెలుగుంటుంది కనుక పగలు కుదరని భేటీ భోజనం తరువాతైనా కుదురుతుంది.

పారిస్ మోంపార్నాస్ స్టేషను నుంచి వేగపు రైలులో ప్రయాణం సుమారు మూడు గంటలు. అయితే విమానాశ్రయం నుంచి ఆ స్టేషనుకు సామానుతో నగరమంతా దాటాలి కాబట్టి, విమానం దిగడానికీ రైలు ఎక్కడానికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోవాలి.

చిక్కంతా బసతోనే. సంత రోజుల్లో గదుల అద్దె బాగా పెరుగుతుంది. ఎన్‌కాన్ పక్కనే, రంగురంగుల చెక్క ఇళ్లున్న గాబ్యూ పేటలో నేను దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ, కిటికీ తెరిస్తే అర్ధరాత్రి దాకా కింది బార్ల గోల, మూస్తే ఉక్క. నిద్ర కావాలనుకునేవారికి పడవల రేవున్న మినిమ్ ప్రాంతం మేలు. అక్కడ వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి, పాత రేవుకు పడవ సర్వీసు కూడా ఉంది. ఆ పడవ ప్రయాణం బస్సు కన్నా హాయిగా ఉంటుంది కానీ, రాత్రి చివరి పడవ వేళ ముందే చూసుకోవాలి.

శాకాహారులకు వంటగది విలాసం కాదు, అవసరం. రేవు హోటళ్లలో ఆల్చిప్పలు, చేపలదే రాజ్యం. పైగా మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల వంట ఆపేస్తారు. ఉదయం నడిచే పాత మార్కెట్లో రొట్టె, పళ్లు, మేకపాల చీజ్ కొనుక్కుంటే పూట గడుస్తుంది.

చరిత్ర కార్యక్రమాలు తీసేవారు ఒక పూట ఊరికోసం కేటాయించాలి. 1627-28లో ఫ్రాన్సు రాజు మంత్రి కార్డినల్ రిషెల్యూ నడిపిన ముట్టడిలో ఆకలికి ఊరు చాలావరకు ఖాళీ అయిపోయింది. బానిసల వ్యాపారంలో ఈ రేవుకున్న పాత్రను న్యూ వరల్డ్ మ్యూజియం దాచకుండా చూపిస్తుంది. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం నేచురల్ హిస్టరీ మ్యూజియం మెట్ల దగ్గర నిలబెట్టిన జిరాఫీ. ఈజిప్టు పాలకుడు ఫ్రాన్సు రాజుకు కానుకగా పంపగా, 1827లో మార్సెయ్ నుంచి పారిస్ దాకా నడిచి వెళ్లిన జంతువు అది. విజ్ఞానం, చరిత్ర రెండూ కలిసిన కథ కోసం వెతికేవారికి సభామందిరం బయటే దొరికే ఉదాహరణ.

వెళ్లదలచినవారు ప్రవేశ రుసుము తక్కువగా ఉండే ముందస్తు గడువులోనే పేరు నమోదు చేసుకుని, ఆ పత్రంతో షెంగెన్ వీసాకు హైదరాబాద్‌లోనే దరఖాస్తు ఇవ్వవచ్చు. వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడం కష్టం కనుక ఆ పని మార్చిలోనే మొదలుపెట్టడం మంచిది. గది మాత్రం అంతకన్నా ముందే, రద్దు చేసుకునే వీలున్న ధరకు, పట్టుకోవాలి.