ఒకే విషాద గీతం, మూడు గొంతులు: ‘మై ఫన్నీ వాలెంటైన్’ రికార్డులు

1937లో అమెరికా స్వరకర్త రిచర్డ్ రోడ్జర్స్ కట్టిన ఈ ఇంగ్లిష్ పాట బాణీ మైనర్‌లో (దిగులు ధ్వనించే స్వరవరుస) మొదలై మేజర్‌లో (వెలుగు ధ్వనించే స్వరవరుస) ముగుస్తుంది. మొత్తం 36 బార్లు (తాళ ఆవర్తనాల్లాంటి కొలతలు). దిగులంతా మాటల్లో కన్నా వాటి కింద వాద్యాలు పలికే స్వరాల్లోనే ఉంది: కర్ణాటక సంగీతం పేర్లతో చెప్తే స, కాకలి ని, కైశికి ని, చతుశ్రుతి ధ అంటూ అర మెట్టు చొప్పున దిగుతాయి. ఫోన్ స్పీకర్లో ఆ దిగుడే వినబడదు, పాట బోడిగా తోస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే.

అమెరికా జాజ్ గాయకుడు చెట్ బేకర్ (1954) గొంతులో కంపనం దాదాపు లేదు. ‘స్టే’ అనే పైస్థాయి స్వరం దగ్గర కూడా గట్టిగా అరవడు, అందుకే గుచ్చుకుంటుంది. ఒగ్గుకథ గొంతుకు అలవాటైన మన చెవికి మొదట ‘ఇదేం పాట, గుసగుసలాడుతుండు’ అనిపించొచ్చు. అది మైకును నమ్ముకున్న గానం. డోలు మీదుగా ఊరంతా వినిపించాల్సిన పని దానికి లేదు. ఒక్క చిక్కు: హనుమకొండ ఎండాకాలంలో ఫ్యాను, కూలర్ మోతకు ఆ ఊపిరి మొత్తం మునిగిపోతుంది. రాత్రి కూలర్ ఆపి వినండి, వాల్యూమ్ పెంచితే లాభం లేదు.

ఫ్రాంక్ సినాట్రా ఆల్బమ్ కూడా 1954దే. పదాలను ఊపిరి తెగకుండా అతికిస్తాడు, ఉచ్చారణ స్పష్టం. ఇంగ్లిష్ పాటలు కొత్తయితే ఇక్కడ మొదలుపెట్టడం మేలు.

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ (1956) అసలు పాటకు ముందు వచ్చే, చాలామంది వదిలేసే పరిచయ భాగాన్ని కూడా పాడింది. శ్రుతికి వంక పెట్టలేం. వయొలిన్లే కాస్త ఎక్కువ తీపి.

డబ్బు పెట్టి కొనాల్సింది మాత్రం బేకర్‌దే.