బెంజ్ సర్కిల్ దగ్గరి గల్ఫ్ రిక్రూటింగ్ ఆఫీసు: నాలుగు స్టార్లు

మా మరిదికి కువైట్‌లో హౌస్ డ్రైవర్ పని కుదిరింది. పదో తరగతి పాసవలేదు కాబట్టి వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌కు పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) తప్పనిసరి. గుంటూరులో ముందు అడిగిన ఏజెంటు "విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లిపోతే ఆ గొడవే ఉండదు, అక్కణ్నుంచి కువైట్ పంపిస్తా" అన్నాడు. అలా వెళ్లినవాళ్ల పేరు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రికార్డుల్లో ఉండదు. అందుకే వాణ్ని విజయవాడ తీసుకొచ్చాను. ఈ ఆఫీసు రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీదే ఉంది. విదేశాంగ శాఖ వారి ఈమైగ్రేట్ సైట్‌లో కొట్టి చూశాను, లైసెన్సు నడుస్తోంది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది కాంట్రాక్టు చదివి చెప్పిన తీరు. కౌంటర్లో పెద్దాయన పెన్సిల్‌తో ఒక్కో లైను కింద గీత పెడుతూ తెలుగులో చెప్పారు: జీతం ఎన్ని దీనార్లు, రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో రోజు సెలవు, తిరుగు టికెట్ ఎవరిది. "అక్కడ ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు సార్?" అన్నాడు మావాడు. ఆయన విసుక్కోలేదు. "2015లో ఇంటిపనివాళ్ల కోసం కువైట్ చట్టం చేసింది. 2021 జూన్‌లో జైశంకర్ గారు వెళ్లినప్పుడు రెండు దేశాల మధ్య ఒప్పందం కూడా అయింది. రేపు కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, పేచీ వస్తే మన ఎంబసీ మొదట అడిగేది ఈ కాగితమే బాబూ" అన్నారు.

ఆ ఒప్పందం తేలిగ్గా రాలేదని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటిపనికి మన ఆడవాళ్లను తీసుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని 2014లో మన ప్రభుత్వం పట్టుబట్టింది. కువైట్ ఒప్పుకోలేదు, 2017లో మనమే వెనక్కి తీసుకున్నాం. అదే ఫిలిప్పీన్స్, తమ పనిమనిషి శవం ఫ్రీజర్లో దొరికాక, 2018 ఫిబ్రవరిలో కువైట్‌కు మనుషుల్ని పంపడమే ఆపేసింది. మే నెలకల్లా పాస్‌పోర్టు, ఫోను పనివాళ్ల దగ్గరే ఉండాలని సంతకం పెట్టించుకుంది. దాదాపు పది లక్షల మంది మనవాళ్లున్న దేశంతో మనమూ అంత గట్టిగా మాట్లాడాలి. అక్కణ్నుంచి వాళ్లు పంపే డబ్బుతో నడుస్తున్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

డబ్బు విషయంలో ఇబ్బంది పెట్టలేదు. చట్టం ప్రకారం సర్వీసు ఛార్జి 30 వేలు దాటకూడదు, జీఎస్టీ వేరే. అంతే తీసుకుని రసీదు ఇచ్చారు. ప్రవాసీ భారతీయ బీమా కూడా వాళ్లే చేయించారు. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి పది లక్షలు. చిన్న ప్రీమియమని దీన్ని ఎవరూ తీసిపారేయొద్దు.

ఒక స్టారు తగ్గించడానికి కారణం, చదివి చెప్పిన షరతుల తెలుగు కాపీ ఇవ్వకపోవడం. అడిగితే ఇంగ్లీషు, అరబిక్ మాత్రమే అన్నారు. మా అత్తయ్య కోసం నేనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంటి దగ్గర ఉండి ఫోన్లో విషయం కనుక్కునే వాళ్లకు ఆ కాగితం చాలా అవసరం.

ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల కేసులు ఇక్కడ తీసుకోరు. వాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. అది కౌంటర్లోనే చెప్పి పంపేస్తున్నారు, బస్సు ఛార్జీలు పెట్టుకుని రాకండి.