బార్న్స్ అండ్ నోబుల్ సభ్యత్వం: పుస్తకాల పిచ్చి ఉన్నవారికి గిట్టుబాటేనా?

అమెరికాలో పుస్తకాల దుకాణం అనగానే ముందుగా గుర్తుకొచ్చే బార్న్స్ అండ్ నోబుల్ వారి సభ్యత్వాన్ని, ఏడాదికి 25 డాలర్లు కట్టే పాత పద్ధతి నాటి నుంచి నేటి 39.99 డాలర్ల ప్రీమియం దాకా, డాలస్ శివార్లలో కాపురముంటూ ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. తీర్పు ముందే చెబుతాను. ఉచితంగా ఇచ్చే సభ్యత్వాన్ని ఎవరైనా నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. డబ్బు కట్టే సభ్యత్వం ఎక్కువగా కొనేవారికి పనికొస్తుంది. ఎక్కువగా చదివేవారందరూ ఎక్కువగా కొంటారని అనుకోవడంలోనే ఈ పథకాల కిటుకంతా ఉంది.

పాత సభ్యత్వంలో దుకాణంలో కొన్న వాటిపై 10 శాతం, గట్టి అట్ట బెస్ట్ సెల్లర్లపై 40 శాతం తగ్గింపు ఉండేది. ముప్పై డాలర్ల కొత్త పుస్తకంపై పన్నెండు డాలర్లు తగ్గేవి కనుక, అటువంటివి రెండు మూడు కొంటే కట్టిన రుసుము తిరిగి వచ్చేసేది. 2023లో ఈ పద్ధతిని మార్చి రెండు అంచెలు చేశారు. ఉచిత అంచెలో ప్రతి పది డాలర్ల కొనుగోలుకు ఒక స్టాంపు ఖాతాలో పడుతుంది, పది స్టాంపులకు అయిదు డాలర్ల రివార్డు వస్తుంది. 39.99 డాలర్ల ప్రీమియం అంచెలో ఆ స్టాంపులతో పాటు దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ 10 శాతం తగ్గింపు, ఎంత చిన్న ఆర్డరుకైనా ఉచిత రవాణా, ఒక గుడ్డ సంచి, కాఫీ కౌంటరులో చిన్న కప్పు ధరకే పెద్ద కప్పు ఇస్తారు. బెస్ట్ సెల్లర్ల మీది 40 శాతం మాత్రం పోయింది. నా దృష్టిలో పాత సభ్యత్వానికి ప్రాణం అదే.

లెక్క వేసేటప్పుడు చాలామంది ప్రీమియాన్ని ఏ సభ్యత్వమూ లేకపోవడంతో పోల్చి చూస్తారు. పోల్చవలసింది ఉచిత అంచెతో. స్టాంపులు రెండింటికీ సమానమే కాబట్టి, సంచినీ కాఫీనీ వదిలేస్తే, మనం నలభై డాలర్లు పోసి కొనుక్కుంటున్నది ఆ 10 శాతం తగ్గింపునూ ఉచిత రవాణానూ మాత్రమే. రవాణాను పక్కన పెడితే, ఏడాదికి దాదాపు 400 డాలర్ల సరుకు కొన్నప్పుడే అసలు రాబడుతుంది, ఆ పైన కొన్నదానిలోనే లాభం మొదలవుతుంది. పద్దెనిమిది డాలర్ల పేపర్‌బ్యాక్‌ల లెక్కన అది ఇరవై రెండు పుస్తకాలు.

ఒక మామూలు బిల్లును విప్పి చూద్దాం. మా అబ్బాయికి తొమ్మిది డాలర్ల పిల్లల నవల, నాకు పందొమ్మిది డాలర్ల పేపర్‌బ్యాక్, ఇంట్లో అందరికీ కలిపి ముప్పై డాలర్ల గట్టి అట్ట పుస్తకం, వెరసి 58 డాలర్లు. కౌంటరులోని అమ్మాయి ఫోన్ నంబరు అడిగి కొట్టగానే 5.80 తగ్గి 52.20 అవుతుంది. టెక్సస్‌లో పుస్తకాలకూ అమ్మకపు పన్ను ఉంది, మా ఊళ్లో అది 8.25 శాతం. దాన్ని కలిపితే చేతికొచ్చే రసీదు మీద 56.51 ఉంటుంది. అంటే సభ్యత్వం ఉన్నవాడు అట్ట మీద అచ్చువేసిన ధరకు కాస్త అటూ ఇటూగా కొంటాడు, లేనివాడు ఆ ధరతో పాటు పన్నునూ మోస్తాడు. ఇటువంటి బిల్లులు ఏడయితే గానీ కట్టిన రుసుము వెనక్కి రాదు. ఇదే గట్టి అట్ట పుస్తకం ఆన్‌లైన్ అంగళ్లలో సభ్యత్వం లేకుండానే ఇంతకంటే చౌకగా దొరకడం కూడా మామూలే, అందుచేత ధర ఒక్కటే చూసుకునేవారు ఈ దుకాణం మెట్లెక్కనక్కరలేదు.

ఇప్పుడు చదివేవారి సంగతి. నాకు తెలిసిన గట్టి పాఠకులలో ఎక్కువమంది నెలకు నాలుగైదు పుస్తకాలు చదువుతారు, వాటిలో కొనేవి ఒకటో రెండో. మిగిలినవి ఊరి గ్రంథాలయం నుంచి, గ్రంథాలయం ఈ-పుస్తకాలను ఫోన్లోనే అరువిచ్చే లిబ్బీ యాప్ నుంచి, 1972లో డాలస్‌లోనే పుట్టిన హాఫ్ ప్రైస్ బుక్స్ పాత పుస్తకాల బీరువాల నుంచి వస్తాయి. ఇక్కడి ఊరి గ్రంథాలయాలు కావాలంటే కొత్త పుస్తకాలు కూడా తెప్పించి పెడతాయి. ఇంత సదుపాయం ఉన్నచోట, చదువరి ఎంత గట్టివాడైతే కొనే పుస్తకాల వాటా అంత తగ్గుతుంది. అందువల్ల ఏడాదికి యాభై పుస్తకాలు చదివే మనిషికి కూడా ఈ నాలుగు వందల గీత దాటడం అంత సులువేమీ కాదు. గ్రంథాలయానికి వెళ్లే తీరిక లేక, కొత్త పుస్తకం విడుదలైన వారంలోనే చేతిలో ఉండాలనుకునేవారు, లేదా పుట్టినరోజు పిలుపులకు పుస్తకాలే కానుకగా పట్టుకెళ్లేవారు ఆ గీతను అవలీలగా దాటుతారు. మా పిల్లలు బడిలో చేరిన తొలి ఏళ్లలో వారాంతం వచ్చిందంటే ఏదో ఒక పుట్టినరోజు ఉండేది, ఆ రోజుల్లో ప్రీమియం నాకు నిజంగానే కలిసొచ్చింది.

ముందస్తు ఆర్డర్ల అమ్మకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో అసలైన లాభం అక్కడే ఉంది. అప్పుడప్పుడు కొద్ది రోజుల పాటు, ఇంకా విడుదల కాని పుస్తకాలపై సభ్యులందరికీ 25 శాతం తగ్గిస్తారు. ఇది ఉచిత సభ్యులకూ వర్తిస్తుంది. ముప్పై డాలర్ల పుస్తకం ఉచిత సభ్యుడికి 22.50కి వస్తుంది, ప్రీమియం సభ్యుడికి దాని మీద మరో 10 శాతం పోయి 20.25 అవుతుంది. పెద్ద తగ్గింపు ఉచితంగానే వస్తున్నప్పుడు, మిగతా రెండు డాలర్ల చిల్లర కోసం నలభై కట్టడమెందుకో ఆలోచించుకోవచ్చు. నచ్చిన రచయితల రాబోయే పుస్తకాల జాబితా దగ్గర పెట్టుకుని, ఈ అమ్మకం వచ్చినప్పుడే ఆర్డరు చేయడం నాకు అన్నిటికంటే లాభసాటిగా తేలిన పద్ధతి.

రవాణా సదుపాయం దుకాణానికి దూరంగా ఉండేవారికి నిజంగా విలువైనది. ఒక్క పుస్తకం తెప్పించుకోవడానికి రవాణా రుసుము కట్టడమో, ఆ రుసుము తప్పించుకోవడానికి అక్కరలేని మరో రెండు పుస్తకాలు బుట్టలో వేయడమో చేయనక్కరలేదు. దుకాణం పది నిమిషాల దూరంలో ఉన్న మా బోటి వారికి అది పేరుకే లాభం. పెద్ద కప్పు కాఫీ సంగతి ఇంతకంటే రాయనక్కరలేదు.

అయిదు డాలర్ల రివార్డు విషయంలో ఒక జాగ్రత్త. అది వచ్చిందన్న కబురు ఈమెయిల్‌లో చూడగానే కాళ్లు దుకాణం వైపు లాగుతాయి, అయిదు డాలర్లకు పుస్తకమేదీ రాదు కనుక జేబులోంచి మరో పదిహేను పడతాయి. దుకాణం వారికి కావలసిందీ అదే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా రివార్డును కొనదలుచుకున్న పుస్తకానికి వాడుకోవాలి తప్ప దాని కోసం పుస్తకాన్ని వెతుక్కోకూడదు. అట్లాగని పాయింట్లను కూడబెట్టుకోవడమూ మంచిది కాదు. హైదరాబాదులో ఉండగా ఒక మాల్‌లోని పుస్తకాల దుకాణం కార్డులో పాయింట్లు పోగుచేసుకున్నాను, ఆ దుకాణమే మూతపడేసరికి కార్డు ప్లాస్టిక్ ముక్కగా మిగిలింది. పాయింట్లు డబ్బు కావు, దుకాణం ఉన్నన్నాళ్లే చెల్లే హామీ.

తెలుగు పుస్తకాలు చదివేవారికి ఈ కార్డుతో పని లేదు, అవి ఇక్కడి అరల్లో దొరకవు కనుక. వాటికి ఇప్పటికీ సూట్‌కేసే దిక్కు: ఏటా డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు వెళ్లగలిగిన బంధువులకు జాబితా పంపడం, ఇరవై మూడు కిలోల పెట్టెలో ఊరగాయ జాడీల మధ్య చోటు అడగడం. అక్కడి పథకాలలో నేషనల్ బుక్ ట్రస్ట్ వారి బుక్ క్లబ్ నాకు నచ్చింది. ఒక్కసారి కొద్దిపాటి రుసుము కడితే ఆ సంస్థ ప్రచురణలపై, తెలుగు పిల్లల పుస్తకాలతో సహా, 20 శాతం తగ్గింపు ఇస్తారు, ఏటేటా కట్టే బాధ లేదు. మా నాన్నగారి తరం వారు ఎమెస్కో ‘ఇంటింటా స్వంత గ్రంథాలయం’ పథకం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నెలనెలా కొంత చందా కడితే పుస్తకాలు తపాలాలో ఇంటికే వచ్చేవి. అందులో తగ్గింపు కంటే నెలకో కట్ట పుస్తకాలు గడప దాటి లోపలికి రావడమే పెద్ద లాభం.

పిల్లలున్నవారు మాత్రం ఏ సభ్యత్వమూ లేకుండానే బార్న్స్ అండ్ నోబుల్ వేసవి పఠన పథకాన్ని వాడుకోవాలి. ఒకటి నుంచి ఆరో తరగతి దాకా చదివే పిల్లలు ఎనిమిది పుస్తకాలు చదివి, వాటి వివరాలు ఒక కాగితం మీద రాసి తీసుకెళితే, దుకాణం వారు తమ జాబితాలోంచి ఒక పుస్తకం ఉచితంగా ఇస్తారు. ఆ ఎనిమిదీ గ్రంథాలయం పుస్తకాలైనా ఫరవాలేదు. కొన్నందుకు కాక చదివినందుకు పుస్తకమిచ్చే పథకం నేను చూసినవాటిలో ఇదొక్కటే. బడి పంతుళ్లకు వేరే ఏర్పాటుంది: తరగతి గది కోసం కొనేవాటికి 20 శాతం తగ్గిస్తారు, దానికి రుసుము లేదు, కాబట్టి వారు ప్రీమియం జోలికి పోనక్కరలేదు.

ప్రీమియం తీసుకోదలిచినవారు దాన్ని నవంబరు మొదట్లో తీసుకుంటే క్రిస్మస్ కానుకలు, జనవరి పుట్టినరోజులు, వేసవి సెలవుల కొనుగోళ్లు అన్నీ ఒకే ఏడాది గడువులో పడతాయి. గడువు ముగిసే ముందు ఖాతాలోకి వెళ్లి దానంతట అదే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటు ఉందేమో చూసుకుని, ఆ ఏడాది బిల్లులన్నీ కూడి, నాలుగు వందలు దాటకపోతే ఆపేసి ఉచిత అంచెలో కొనసాగవచ్చు. పిల్లలు పెద్దవారై, పుట్టినరోజు పిలుపులు తగ్గాక నేను చేసింది అదే.